ఇద్దరు బోసినోళ్ళు: ఒక బొమ్మల పుస్తకం తయారైన తీరు

ఐదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం సంగీతం మీద ఒక బొమ్మల పుస్తకం రాసిపెట్టమని ఒక చిన్న ప్రచురణ సంస్థ నన్ను అడిగింది. షరతులు రెండే పెట్టారు. కథ ఒంగోలు, నెల్లూరు వైపు ఊళ్ళలో జరగాలి. అందులో ఒక చిన్నపిల్ల, ఒక పెద్దాయన స్నేహితులై ఉండాలి, కానీ వాళ్ళు సొంత తాతామనవరాళ్ళు కాకూడదు.

రెండో షరతు వినగానే ఈ పని నేనే చెయ్యాలనిపించింది. మన పిల్లల కథల్లో ముసలివాళ్ళకి కొదవలేదు. అయితే తాత చెప్తాడు, పిల్ల వింటుంది. తాత నేర్పుతాడు, పిల్ల నేర్చుకుంటుంది. అందులో ప్రేమ ఉంటుంది, గౌరవం ఉంటుంది, స్నేహం మాత్రం కనపడదు. స్నేహమంటే ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి. డెబ్భై ఏళ్ళ మనిషికి ఇంకెక్కడా దొరకనిది ఏదో ఏడేళ్ళ పిల్ల దగ్గర దొరకాలి. అదేంటో తెలిసేదాకా ఒక్క వాక్యం కూడా రాయకూడదని పెట్టుకున్నాను.

ఇక సంగీతం సంగతి. పుస్తకం చప్పుడు చెయ్యదు. కాగితం మీద వాయిద్యం గీసి, దాని చుట్టూ రంగురంగుల చుక్కలు తేలుతున్నట్టు వేస్తే చూడ్డానికి బాగుంటుంది, వినపడదు. బొమ్మల పుస్తకంలో సంగీతం వినపడాలంటే నాకు తెలిసిన దారి ఒకటే. అది చదివేవాళ్ళ నోటినుంచి రావాలి. ఈ వయసు పిల్లలకి పుస్తకం ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు: అమ్మ, టీచరు, నాయనమ్మ. వాళ్ళ నోరే ఆ పుస్తకానికి వాయిద్యం. కాబట్టి కంటికోసం కాక నోటికోసం రాయాలి. పుస్తకంలో మేము తీసుకున్న నిర్ణయాలు దాదాపు అన్నీ ఇక్కడినుంచే వచ్చాయి.

సన్నాయి దగ్గరికి ఎలా చేరాం

నెల్లూరులో సంగీతం అనగానే ఎవరైనా ముందు బాలు గారి పేరే ఎత్తుతారు. వాళ్ళ నాన్నగారు సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన మనిషి. నెల్లూరులోని ఇంటిని బాలు గారు 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. "ఆ తండ్రీకొడుకుల కథే రాయొచ్చుగా" అన్నారు చాలామంది. ఒంగోలు వైపు వస్తే ఇంకో సలహా. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, ఆ కాకర్ల మన ఉమ్మడి ప్రకాశం జిల్లా ఊరు, దాన్ని వదలొద్దని. రెండూ గర్వపడాల్సిన సంగతులే. కానీ ఆరేళ్ళ పిల్లకి అవి కథలు కావు, సమాచారం. కాకర్ల సంగతిని చివరి పేజీలో పెద్దల కోసం రాసిన నాలుగు మాటల్లో చేర్చి, కథని దాని బరువు నుంచి తప్పించాను.

నాకు కావాల్సింది పిల్లలు తమ వీధిలో, తమ చెవులతో విన్న సంగీతం. పల్లెలో పెళ్ళికీ, గుడికీ, ఊరేగింపుకీ వచ్చేది సన్నాయి మేళమే. సభల్లో నాదస్వరం అంటారు, వీధిలో సన్నాయి అంటారు. ఈ జిల్లాలో ఆ విద్య ముస్లిం కుటుంబాల్లో తరతరాలుగా నడుస్తోంది. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, తంజావూరు బాణీలో దేశమంతా పేరు తెచ్చుకుని, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. రాములవారి గుళ్ళో సాయిబు గారు సన్నాయి ఊదితే ఇక్కడ ఎవరూ వింతగా చూడరు.

అందుకే నా కథలో తాత కూడా సాయిబే. దీని మీద చర్చ జరిగింది. మతసామరస్యం అన్నమాట ఎక్కడో ఒకచోట పెట్టమని ఒకరు, పేరు మార్చేస్తే ఏ గొడవా ఉండదని ఇంకొకరు అన్నారు. రెండూ ఒప్పుకోలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు బొమ్మలో చూపించాం. తాత గదిలో ఒక మేకుకి మక్కా క్యాలెండరు, పక్క మేకుకి శ్రీరామనవమినాడు గుళ్ళో కప్పిన శాలువా వేలాడుతుంటాయి. కథలో ఆ రెండింటి గురించీ ఒక్క మాట లేదు. పిల్లలు రెండూ చూశారు, వాళ్ళకి అది తాత ఇల్లు, అంతే.

పళ్ళు

కథకి అసలు కీలకం ఒక పెద్ద విద్వాంసుడి దగ్గర దొరికింది. ఒంగోలుకి దగ్గర్లో ఒక ఊళ్ళో ఉంటారు. తన పేరు రాయొద్దన్నారు, రాయను. చాలా ఏళ్ళు గుళ్ళల్లో, పెళ్ళిళ్ళలో వాయించిన మనిషి ఇప్పుడు సన్నాయి ముట్టుకోవడం లేదు. ఎందుకని అడిగితే పైపెదవి ఎత్తి చూపించారు. ముందు పళ్ళు లేవు.

సన్నాయి పీకని, అంటే ఊదే కొసన పెట్టే రెల్లు ముక్కని, పళ్ళతో కొరకరు, పెదవులతోనే పడతారు. కానీ ఆ పెదవులకి వెనకనుంచి ఆసరా ఇచ్చేవి పళ్ళే. అవి పోతే పెదవి లోపలికి జారుతుంది, పీక మీద పట్టు సడలుతుంది, గాలి పక్కలనుంచి పోతుంది. "ఊపిరుందమ్మా, వేళ్ళున్నయ్, పాట బుర్రలో ఉంది. పట్టే లేదు" అన్నారాయన.

ఆ మాట వింటుంటే నాకు రెండో తరగతి గది గుర్తొచ్చింది. ఆరు, ఏడేళ్ళకి పాలపళ్ళు ఊడతాయి. ఆ క్లాసులో ఏ బెంచీ చూసినా ఒక బోసినోరు ఉంటుంది. పాపం, వాళ్ళలో కొందరు ఆ కొన్నాళ్ళూ నవ్వడం మానేస్తారు. అరవై ఏళ్ళకి పైగా తేడా ఉన్న ఇద్దరు మనుషులు సరిగ్గా ఒకే ఇబ్బందిలో ఉండటం ఇంకెక్కడ దొరుకుతుంది? ఇక్కడ తాత పైమెట్టు మీదా లేడు, పిల్ల కిందిమెట్టు మీదా లేదు.

అలా మల్లి పుట్టింది. రెండో తరగతి. ముందు పళ్ళు రెండూ ఊడాయి. బళ్ళో ఏడిపిస్తున్నారని చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది. ఎదురింటి అరుగుమీద సన్నాయి తాత నవ్వొచ్చినప్పుడల్లా తువ్వాలు అడ్డం పెట్టుకుంటాడు. 5వ పేజీలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, 6వ పేజీలో చెయ్యీ తువ్వాలూ రెండూ పక్కకి జరుగుతాయి.

ఊడిన పాలపన్నుని పేడముద్దలో పెట్టి ఇంటిమీదకి విసరడం మనకి అలవాటు, కొత్తది త్వరగా వస్తుందని. అది కథలోకి ఇలా వచ్చింది:

"తాతా, నీయి ఎప్పుడు ఊడినయ్?"

"నిరుడు."

"ఇంటిమీదకి గిరాటెయ్యలా?"

"లేదే!"

"అందుకే రాలా!"

పుస్తకం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇది. తెలిసిన మనిషి మల్లి, తెలియని మనిషి తాత. స్నేహం ఇక్కడినుంచి నమ్మకంగా నడుస్తుంది. చదివిన ప్రతిచోటా పిల్లలు ఇక్కడ పగలబడి నవ్వారు. ఒక టీచరు గారు మల్లిచేత తాతని 'మీరు' అనిపించమన్నారు. మా వైపు పల్లెల్లో పిల్లలు తాత వరస మనిషిని నువ్వనే అంటారు. ఆ చనువు తీసేస్తే ఇద్దరి మధ్య బల్ల వేసినట్టు అయిపోతుంది, అందుకని ఉంచేశాం. మాటల్లో ఈ జిల్లా యాస, మిగతా కథంతా పిల్లలకి పాఠ్యపుస్తకంలో అలవాటైన భాష. ఈ రెండూ కలిపి చదవడానికి ఏ పిల్లా ఇబ్బంది పడలేదు.

మల్లి దగ్గర ఉన్నది

తాత మల్లికి తాళం నేర్పుతాడు. అది సులువుగా తోచింది. మల్లి తాతకి ఏమిస్తుంది? ముద్దుమాటలు, కబుర్లు, మందుబిళ్ళలు అందించడం లాంటివన్నీ రాసి తీసేశాను. అవి ఎవరైనా ఇవ్వగలరు. చివరికి మల్లి ఇచ్చింది కొబ్బరాకు బూర.

మా వైపు ఊళ్ళో ఏ పిల్లకైనా అది చెయ్యడం వచ్చు. లేత కొబ్బరాకు ఈనె తీసి, సన్నగా మొదలుపెట్టి ఒకదానిమీద ఒకటి వచ్చేలా చుడుతూ పోతే గరాటా ఆకారం వస్తుంది. సన్నటి కొసని వేళ్ళతో కాస్త నొక్కి ఊదితే మోగుతుంది. దీని పనితీరూ సన్నాయి పనితీరూ ఒకటే. రెండు పలచని పొరల మధ్యనుంచి గాలి దూరినప్పుడు ఆ పొరలు అదిరి శబ్దం పుడుతుంది. సన్నాయి పీకని కావేరి ఒడ్డున పెరిగే ఒక రకం రెల్లుతో చేస్తారు, తిరువావడుదురై దానికి పేరున్న ఊరు. ఆ పీక బిగువుగా ఉంటుంది, గట్టి పట్టు అడుగుతుంది. కొబ్బరాకు మెత్తన. పళ్ళు లేని పెదవికి కూడా లొంగుతుంది.

ఊహించి రాస్తే చాలదని ఒక బూర చేయించి ఆ విద్వాంసుడి చేతికిచ్చాను. మొదట మొహమాటపడ్డారు. తర్వాత ఊదారు. మోగింది. అప్పుడు ఆయన వేళ్ళు చూశాను. ఆ ఆకుబూరకి రంధ్రాలేమీ లేవు, అయినా ఆయన వేళ్ళు లేని రంధ్రాలని మూస్తూ తెరుస్తూ పోతున్నాయి. అలవాటుగా, వరసగా. 18, 19 పేజీల్లో బొమ్మ అదే. రెండు పేజీల నిండా తాత చేతులు, ఆకుబూర, మీద నడిచే వేళ్ళు. మాటలు లేవు.

నోటికోసం రాయడం

ఇప్పుడు సంగీతానికి వద్దాం. సరిగమలు పలికేటప్పుడు నోట్లో ఏది ఎక్కడ పుడుతుందో ఒకసారి మెల్లగా పలికి చూడండి. గ గొంతు వైపు పుడుతుంది. మ, ప పెదవులు కలిస్తే వస్తాయి. వాటికి పళ్ళతో పనే లేదు. స మాత్రం అలా కాదు, గాలి ముందు పళ్ళకి రాసుకుంటూ బయటికి పోవాలి. పళ్ళు ఊడిన పిల్లచేత సంగీతంలో మొదటి పాఠమైన సరళీ స్వరం అనిపిస్తే "థ రి గ మ" అంటుంది.

మన సంగీతంలో స అంటే ఆధార షడ్జం. శ్రుతి పట్టేది దానికే. పాట ఎంత దూరం తిరిగొచ్చినా చివరికి అక్కడ ఆగితేనే చెవికి నిమ్మళం. అదే స్వరం మల్లి నోట పలకదు. తాత సన్నాయి మీద కూడా పలకదు. ఇది కనపడ్డాక పుస్తకం నిర్మాణం కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది.

12వ పేజీలో మల్లి ఒక్కసారి "థరిగమ" అంటుంది, సిగ్గుపడి ఆగిపోతుంది. తాత అంటాడు: "మనిద్దరి నోటికీ వచ్చేవే పాడుదాం." అక్కడినుంచి ఇద్దరూ పళ్ళతో పనిలేని స్వరాల మీదే తిరుగుతారు:

"గ మ ప... గ మ ప...
పా మ గ... మా గ మ..."

ఈ ముక్కలు పేజీ తర్వాత పేజీ వస్తుంటాయి. ఎక్కడా స లేదు. చదివేవాళ్ళకి కారణం తెలియకపోయినా ఇంకా ఏదో మిగిలిందన్న ఫీలింగ్ ఉంటుంది, గొంతు ఆగడానికి చోటు దొరకదు. 21వ పేజీలో మల్లి చిగురుమీద కొత్త పన్ను మొన కనపడుతుంది. కింద "ప మ గ రి..." అని మాత్రమే ఉంటుంది. పేజీ తిప్పాలి. తిప్పితే "స".

సంగీతం నేర్చుకోని ఒక అంగన్‌వాడీ టీచరు దీన్ని మొదటిసారి పిల్లలకి చదువుతుంటే పక్కన కూర్చుని విన్నాను. ఎక్కడ సాగదియ్యాలో నేను చెప్పలేదు. పేజీ తిప్పి స దగ్గరికి రాగానే ఆవిడ గొంతు దానంతటదే దిగి, నిలబడి, ఊపిరి తీసుకుంది. పిల్లలు కూడా ఆమెతోపాటు పట్టుకున్నారు. పుస్తకంలో సంగీతం ఉందని నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరమైంది. ఉచ్చారణ ఇబ్బంది ఉన్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మల్లి మాటలన్నీ థ, థ అని రాస్తూ పోతే ఆ పిల్లల్ని ఆటపట్టించడానికి మనమే ఒక ఆయుధం ఇచ్చినట్టవుతుంది. అందుకని పన్ను వచ్చేదాకా మల్లి మాటల్లో స, శ, ష ఉన్న పదాలే రాకుండా రాశాను. పైన "గిరాటెయ్యలా" అన్నది ఉందే, "విసిరావా" అని రాయకపోవడానికి కారణం అదే. రెండుచోట్ల మాత్రం ఉంచాను. ఒకటి థరిగమ, రెండోది ఆమె తాతని పిలిచే పిలుపు: "థన్నాయి తాతా!" దానికి తాత ఎప్పుడూ నవ్వడు, దిద్దడు, "ఏందమ్మాయ్" అని పలుకుతాడు. దిద్దకపోవడం కూడా స్నేహంలో భాగమే.

తాళం దగ్గర పేజీలతో ఇంకో పని చేశాం. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు. ముందు ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. తర్వాత దెబ్బ, చెయ్యి తిప్పడం. మళ్ళీ దెబ్బ, తిప్పడం. తాత మల్లికి నేర్పే మాటలు ఇవి:

"దెబ్బా వేలూ వేలూ వేలూ
దెబ్బా తిప్పూ దెబ్బా తిప్పూ"

ఒక్కో మాటకి ఒక్కో అక్షరం. చెయ్యి ఏం చేస్తుందో నోరు అదే చెప్తుంది కాబట్టి నేర్పకుండానే పిల్లలు తొడమీద వేస్తారు. సరళీ స్వరాలు మూడు కాలాల్లో సాధన చేస్తారు కదా, రెండో కాలం మొదటిదానికి రెట్టింపు వేగం, మూడోది దానికి రెట్టింపు. ఈ ఎనిమిది మాటల్నే పుస్తకంలో మూడుసార్లు వాడాం. మొదటిసారి నాలుగు పేజీల మీద పరిచాం, పేజీకి రెండు మాటలు. రెండోసారి రెండు పేజీలు. మూడోసారి ఒకే పేజీలో ఎనిమిదీ. పేజీ తిప్పే చెయ్యే కాలం మారుస్తుంది. మొదటి కాలం నాలుగు పేజీల బొమ్మల్లో వీధి మీద పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి గడుస్తాయి. మూడో కాలం పేజీలో వర్షం, ఎండ, చలి అన్నీ ఒకేచోట దూసుకుపోతాయి. ఈ ఆలోచనలో సగం చిత్రకారుడిదే.

బొమ్మలు

ఆయన నెల్లూరు మనిషి. మొదట నెట్‌లో దొరికిన ఫొటోలు చూసి గీసిన వాయిద్యం పొట్టిగా, చివర ఇత్తడి గరాటాతో ఉంది. అది ఉత్తరాది షెహనాయి. మనది పొడుగు. ఇద్దరం కలిసి విద్వాంసుడి ఇంటికి వెళ్ళాం. గుడ్డసంచిలోంచి సన్నాయి తీసి నేలమీద నిలబెట్టారు. ఏడేళ్ళ పిల్ల రొమ్ముదాకా వచ్చేంత ఎత్తు. ఆ ఎత్తు చూశాకే 3వ పేజీలో మల్లి పక్కన సన్నాయి నిలబెట్టిన బొమ్మ పుట్టింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ స్నేహితుల్లా కనపడతారు.

వేళ్ళు ఆడించే రంధ్రాలు ఏడు. వాటి కింద ఇంకొన్ని ఉంటాయి, వేళ్ళకి కాదు, శ్రుతి సరిచేసుకోవడానికి. మైనం పెట్టి మూస్తారు. పైకొసకి దారాలతో విడిపీకలూ, పీకని సరిచేసే చిన్న సూదీ వేలాడుతుంటాయి. ఆ దారాల కుచ్చుని చిత్రకారుడు వదల్లేదు. ప్రతి పేజీలోనూ అది ఎక్కడో ఒకచోట ఉంటుంది. తాత సన్నాయి సంచిలో ఉన్న పేజీల్లో కూడా సంచి మూతిలోంచి కుచ్చు బయటికి వేలాడుతుంది. పిల్లలు దాన్ని వెతుక్కోవడం ఒక ఆటగా పెట్టుకున్నారు.

అరుగుమీద చీమకుర్తి రాయి ముక్క పరిచి ఉంటుంది. నల్లరాయిలో మెరిసే చుక్కలు రాత్రి బొమ్మకి బాగా కలిసొచ్చాయి.

పిల్లల ముందు పెట్టినప్పుడు

రంగులు వేయకముందే, పెన్సిలు బొమ్మలతో ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకి చదివాం. చదివే పద్ధతి సాదాగా పెట్టుకున్నాం. ప్రశ్నలు అడగం, అర్థాలు చెప్పం. వాళ్ళు ఎక్కడ కదిలారు, ఎక్కడ పక్కవాడితో మాట్లాడారు, ఎక్కడ పేజీ వెనక్కి తిప్పమన్నారు, అది మాత్రం రాసుకున్నాం. "అర్థమైందా" అని అడిగితే పిల్లలు అవునంటారు. ఒళ్ళు చెప్పేదే నిజం.

తాళం దగ్గర అందరూ కదిలారు. మల్లి ఇంట్లో అమ్మ జడ వేసే పేజీలో ఎవరూ కదల్లేదు, ఆ పేజీ తీసేశాం. ఒక పాప, "ఆడపిల్లలు సన్నాయి ఊదొచ్చా?" అని అడిగింది. భర్తతో కలిసి సన్నాయి వాయించే కాలీషాబీ మహబూబ్ గారి గురించి చెప్పాను. ఆ దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ గార్లకి 2020లో పద్మశ్రీ వచ్చింది. పెద్దల పేజీలో వాళ్ళ పేర్లు అలా చేరాయి.

అన్నిటికంటే గట్టిగా వచ్చిన ప్రశ్న చివర్లో: "మల్లికి పళ్ళొచ్చినయ్, తాతకి ఎందుకు రాలా?" ప్రతిచోటా ఇదే. ఒక బాబు లేచి, "మా జేజికి కట్టుడు పళ్ళు పెట్టించారు, రాత్రిళ్ళు గ్లాసు నీళ్ళలో ఏస్తది" అన్నాడు.

ప్రచురణకర్తలకి ఆ మాట బాగా పట్టింది. తాతకి కట్టుడు పళ్ళు పెట్టిద్దాం, చివరి రెండు పేజీల్లో గుళ్ళో పెద్ద మేళం, తాత వాయిస్తుంటే పక్కన మల్లి తాళం వేస్తుంది, పిల్లలు సంతోషిస్తారు అన్నారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ నేను ఒప్పుకోలేకపోయాను. కట్టుడు పళ్ళతో ఊదేవాళ్ళు ఉన్నారా అని విద్వాంసుణ్ణి అడిగాను. "ఉన్నారు. కానీ నోరు కొత్తదైపోద్ది. మళ్ళీ సరళీ స్వరాల కాడినుంచి మొదలెట్టాల" అన్నారు. అంటే గుళ్ళో పెద్ద మేళం పిల్లలకి అబద్ధం చెప్పడమే. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. తాతకి పాత వైభవం తిరిగొచ్చేస్తే ఆకుబూరా, గమపలూ, అరుగూ అన్నీ అది వచ్చేదాకా కాలక్షేపంగా మిగిలిపోతాయి. ఆ ఇద్దరి మధ్య జరిగిందే అసలు సంగీతం. పోయినదాని బదులుగా దాన్ని చూపించడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో కోలుకోని తాతలూ జేజిలూ ఉన్న పిల్లలు కూడా ఈ పుస్తకం చదువుతారు.

అలాగని పిల్లల ప్రశ్నని పక్కన పెట్టడం కూడా న్యాయం కాదు. చివరికి కుదిరింది ఇది. 22, 23 పేజీల్లో మల్లి స పట్టుకుంటుంది. తాత ఆకుబూరతో ఆ స కోసం వెతుకుతాడు, ఒకసారి పైకి పోతుంది, ఒకసారి కిందికి జారుతుంది. మల్లి పూర్తిగా పలికే మొదటి మాట అక్కడ ఉంటుంది: "సన్నాయి తాతా, ఇంకొకతూరి!" కథ అయిపోయింది. పుస్తకం మూసి వెనక అట్ట చూస్తే అరుగుమీద ఒక గాజుగ్లాసు, అందులో నీళ్ళలో కట్టుడు పళ్ళు, పక్కన సంచిలోంచి బయటికి తీసిన సన్నాయి. ఒక్క అక్షరం లేదు. తాత వాయించాడో లేదో మేము చెప్పలేదు. పిల్లలు దాన్ని చూసి కేకలు పెడతారు. ఆ తర్వాత మొదలయ్యే వాదన టీచర్లకి మంచి క్లాసు. వాయించాడని కొందరు, ఇంకా రాలేదని కొందరు.

పెద్దల్ని గౌరవించాలి అన్న వాక్యం చివర చేర్చమని కూడా అడిగారు. చేర్చలేదు.

అచ్చు పనులు

పుస్తకం లోపల 24 పేజీలు, సెంటర్ పిన్నింగ్. 1వ పేజీ టైటిల్‌కి, 24వది పెద్దల కోసం రాసిన మాటలకీ పోగా కథకి 22 మిగిలాయి. పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి కాబట్టి తాళం పేజీలని ముందే లెక్కవేసుకోకపోతే పేజీ తిప్పే చోట్లు తప్పిపోతాయి. స ఎప్పుడూ ఎడమచేతి పేజీలో, తిప్పగానే కనపడాలి. డిజైనరుకి మేము పెట్టిన ఒకే ఒక కచ్చితమైన నిబంధన అది.

అక్షరం సైజు 22 పాయింట్లు పెట్టాం. చిన్నపిల్లల పుస్తకంలో పెద్ద అక్షరం మామూలే, కానీ ఇక్కడ కళ్ళజోడు పెట్టుకుని చదివే నాయనమ్మని కూడా దృష్టిలో పెట్టుకున్నాం. తెలుగులో కింద ఒత్తు, పైన గుడి రెండూ చోటు అడుగుతాయి, అందుకని లైన్ల మధ్య ఎడం మామూలుకంటే ఎక్కువ వదిలాం. నాదస్వరం అన్న పదం కథలో లేదు. సన్నాయి అయితే ఒకటో తరగతి పిల్ల కూడా కూడబలుక్కుంటుంది. రంగుల ప్రూఫులో నల్లటి సన్నాయి రాత్రి బొమ్మలో కలిసిపోయింది, వెనక నీలం పెంచితే తేలింది.

సన్నాయి వినడానికి క్యూఆర్ కోడ్ పెడదామన్నారు. విద్వాంసుడి శిష్యుడు మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు వాయించి ఇచ్చారు. దాన్ని కథ పేజీల్లో పెట్టకుండా 24వ పేజీలో పెట్టించాను. ఫోన్ ముందొస్తే చదివే నోరు మూతపడుతుంది. కథ అయ్యాక, గొంతు వాడేశాక, అప్పుడు విననివ్వండి.

వెనక అట్ట లోపలివైపు కొబ్బరాకు బూర చేసే పద్ధతి బొమ్మలతో ఉంది. ఈనె పెద్దవాళ్ళు తీసివ్వాలని రాశాం. మొదటి ముద్రణ వెయ్యి కాపీలు. పుస్తకం వెళ్ళిన బళ్ళలో కొబ్బరాకు దొరకని ఊళ్ళు కొన్ని ఉన్నాయని కనిగిరి, పామూరు వైపు టీచర్లు చెప్పారు, అక్కడ పిల్లలు తాటాకుతో ప్రయత్నించారట. తాటాకు గట్టిది, అంచు పెదవిని కోస్తుంది. అందుకని రెండో ముద్రణలో స్ట్రాతో చేసే పద్ధతి కూడా వేస్తున్నాం. కొస నలిపి, రెండు పక్కలా ఏటవాలుగా కత్తిరించి ఊదితే అదీ మోగుతుంది. ఎంత పొట్టిగా కత్తిరిస్తే అంత పై స్వరం పలుకుతుంది కాబట్టి పిల్లలు గ, మ, ప మూడూ వాళ్ళే వెతుక్కోవచ్చు.